డీజే ఆగినా ఆగని మోత: పాత టిన్నిటస్ ఒక్క రాత్రిలో ఎందుకు పెరుగుతుంది?

పోయినేడు మా మేనల్లుడి పెళ్లి బరాత్‌లో డీజే బండి వెనక నలభై నిమిషాలు నడిచాను. నడవకూడదని తెలుసు. నా ఎడమ చెవిలో తొమ్మిదేళ్లుగా కీచురాళ్ల రొద ఉంది. బయట ఏ చప్పుడూ లేకపోయినా చెవిలో వినిపించే ఇలాంటి మోతనే టిన్నిటస్ అంటారు. జేబులో ఇయర్‌ప్లగ్స్ కూడా ఉన్నాయి. అయినా మా బావ వచ్చి, ‘ఏంది బామ్మర్దీ, మేనమామవు నువ్వే వెనకవడితే ఎట్ల?’ అని చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి లాక్కెళ్లాడు. పెళ్లికొడుకు మేనమామ చెవుల్లో స్పాంజి ముక్కలు కుక్కుకుని నిలబడితే ఏం బాగుంటుందని నేను వాటిని జేబులోంచి తీయలేదు. పక్కన ఎగురుతున్న కుర్రాడొకడు ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ తెరిచి గొప్పగా చూపించాడు: 103 డెసిబెల్స్.

రాత్రి ఒంటిగంటకు ఇంటికొచ్చి పడుకున్నాక తెలిసింది. ఫ్యాన్ తిరుగుతోంది గానీ దాని చప్పుడు దూదిలోంచి వడగట్టినట్టు వస్తోంది. చెవులు దిబ్బడ వేశాయి. కీచురాళ్లు లేవు. వాటి చోట, కుక్కర్ విజిల్ మొదలై ఇక ఆగకపోతే ఎలా ఉంటుందో అలాంటి సన్నని, పదునైన కూత. దిండుకు చెవి అదిమినా అదే, లేచి కూర్చున్నా అదే. తొమ్మిదేళ్లు కష్టపడి అలవాటు చేసుకున్నదంతా నలభై నిమిషాల్లో పోగొట్టుకున్నానే అన్న ఏడుపు ఒకటి. తెల్లవార్లూ ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నాను. సగం మంది ‘రెండు రోజుల్లో పోతుంది’ అంటారు, సగం మంది ‘నాకు పదేళ్లయినా పోలేదు’ అంటారు.

రెండూ నిజమే కావడం ఇక్కడి చిక్కు. ‘టిన్నిటస్ ఎక్కువైంది’ అని మనం ఒక్క మాటలో చెప్పేదాని కింద మూడు సంగతులు కలిసిపోయి ఉంటాయి. చెవికి తగిలిన దెబ్బ ఒకటి. ఆ దెబ్బకు మెదడు పెంచుకున్న వాల్యూమ్ రెండోది. ఆ మోత చూసి మనకు పట్టుకున్న భయం మూడోది. మూడూ ఒకే రాత్రి మొదలవుతాయి, తగ్గేటప్పుడు మాత్రం దేని దారి దానిదే. విడదీసి చూసుకోకపోతే ఒకదానికి చేయాల్సింది ఇంకోదానికి చేసి, ఉన్నదాన్ని ఇంకా ముదరబెట్టుకుంటాం. మొదటి రెండు వారాలు నేను చేసింది అదే.

చెవికి తగిలిన దెబ్బ

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో సన్నని కేశకణాలుంటాయి. ఒక్కో చెవిలో లోపలి వరుసవి సుమారు 3,500, బయటి వరుసలవి సుమారు 12,000. లోపలివి శబ్దాన్ని నాడికి అందిస్తాయి, బయటివి చిన్న శబ్దాన్ని పెద్దది చేసి పెడతాయి. పెద్ద మోతకు వీటి గతి గాలివానకు వరిచేను గతే. కొంత చేను వంగి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ లేచి నిలబడుతుంది. కొంత విరిగిపోతుంది. వంగింది లేచినంత మేరకు చెవి దిబ్బడ వదులుతుంది, వినికిడి తిరిగొస్తుంది. జాతర నుంచో సినిమా ఫంక్షన్ నుంచో వచ్చిన మర్నాటికి చెవులు మామూలైపోవడం చాలామందికి అనుభవమే. విరిగింది మాత్రం మళ్లీ మొలవదు. కోడిపిల్లలకు మొలుస్తుందని 1988లోనే తేలింది, మనకు ఆ యోగం లేదు.

ఇంతవరకే అయితే లెక్క తేలికగా ఉండేది. వినికిడి తిరిగొచ్చింది కాబట్టి ఏమీ కాలేదని అనుకునేవాళ్లం, డాక్టర్లు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. 2009లో బోస్టన్‌లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకు 100 డెసిబెల్స్ శబ్దాన్ని రెండు గంటలు వినిపించారు. కొద్ది రోజుల్లో వాటి వినికిడి పరీక్ష మామూలుకొచ్చింది, కేశకణాలూ బాగానే ఉన్నాయి. కానీ ఆ కణాలకూ నాడికీ మధ్య ఉండే సన్నని కలయికలు చెవిలో కొంత భాగంలో సగం దాకా పోయాయి. స్తంభం నిలబడే ఉంది, సర్వీసు వైర్లు మాత్రం తెగిపోయాయన్నమాట. గదిలో కూర్చోబెట్టి ‘కూ’ అనే చిన్న శబ్దం వినిపిస్తుందా అని అడిగితే మిగిలిన వైర్లు చాలు. పెళ్లి భోజనాల హాల్లో పక్కవాడి మాట పట్టుకోవాలంటే చాలవు. ఎలుకల్లో కనిపించినంత నష్టమూ మనుషుల్లో అలాగే జరుగుతుందని అనుకోనక్కర్లేదు. కానీ వినికిడి పరీక్షలో అంతా నార్మల్ అని వచ్చినా చెవిలో హోరు ఎందుకుంటుందో అర్థం కావడానికి ఇది బాగా పనికొచ్చింది.

శబ్దం ఎంత పెద్దది అన్నదాంతో పాటు ఎంతసేపు అన్నదీ లెక్కే. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ పెట్టిన కొలత ఇది: 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం. 88కి నాలుగు గంటలు, 100కి పదిహేను నిమిషాలు, 103కి ఏడున్నర నిమిషాలు. ఫోన్ యాప్ లెక్క అటూ ఇటూ ఉన్నా, దాని ప్రకారం నేను ఆ నలభై నిమిషాల్లో ఐదు రోజుల కోటాకి పైగా వాడేశాను. ఇది కూడా ఏ జబ్బూ లేని చెవికి వేసిన లెక్క. పాత దెబ్బ ఉన్న చెవికి ఇంత రక్షణ ఉంటుందన్న హామీ ఏ పట్టికలోనూ లేదు.

టపాకాయది వేరే కథ. మధ్య చెవిలో ఒక చిన్న కండరం పెద్ద శబ్దం వినగానే బిగుసుకుని కొంత అడ్డుపడుతుంది. కానీ అది బిగుసుకోవడానికి సెకనులో పదోవంతు దాకా పడుతుంది. లక్ష్మీబాంబు అప్పటికే పేలిపోయి ఉంటుంది. మన దేశంలో టపాకాయలకు నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ అని పరిమితి పెట్టారు. మనవాళ్లు కాల్చేది నాలుగు మీటర్ల దూరంలోనా, గుమ్మం ముందా అన్నది మీకే తెలుసు.

మొదటి రెండు రోజులు

ఈ దశలో చేయాల్సినవి తక్కువే గానీ వాయిదా వేయకూడదు. చెవికి ఇంకో మోత తగలకుండా చూసుకోవాలి. పెళ్లి మర్నాడు వ్రతం దగ్గర మైకు, ఇంటికొచ్చాక ఇయర్‌ఫోన్స్, ఇవన్నీ మానాలి. ఇంట్లో మామూలు చప్పుళ్లు ఉండనివ్వొచ్చు, ఉండాలి కూడా. చెవిలో వెల్లుల్లి నూనె పోయకూడదు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ నూనె లోపలికి పోయి కొత్త గొడవ తెస్తుంది. చిల్లు లేకపోతే దానివల్ల ఒరిగేదీ ఏమీ లేదు. తలనొప్పి అని ఆస్పిరిన్ లాంటివి గుప్పెడు మింగొద్దు. ఎక్కువ మోతాదులో ఆస్పిరినే చెవిలో హోరు పుట్టిస్తుంది.

కొన్ని గుర్తులు కనిపిస్తే రెండు రోజులు కూడా ఆగకూడదు. ఒక చెవి వినికిడి ఉన్నట్టుండి బాగా పడిపోయినా, చెవి నుంచి రక్తమో చీమో కారినా, కళ్లు తిరుగుతూ ఒళ్లు తూలుతున్నా, ముఖం ఒక పక్కకి లాగినా, మోత గుండె కొట్టుకునే లయలోనే వస్తున్నా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. హఠాత్తుగా పడిపోయిన వినికిడికి స్టెరాయిడ్లు ఇస్తారు, అవి మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఎక్కువ ప్రయోజనం. పెద్ద శబ్దం వల్ల తగిలిన దెబ్బకు వాటి మీద ఆధారాలు అంత గట్టిగా లేవు. అయినా వినికిడి తగ్గినట్టు తేలితే డాక్టర్లు ఇస్తుంటారు. షుగర్ ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ‘చూద్దాం, రెండు మూడు వారాల్లో తగ్గకపోతే వెళ్దాం’ అనుకోవడం దగ్గరే ఎక్కువమంది నష్టపోతారు.

ఈ గుర్తులేవీ లేకుండా మోత ఒక్కటే పెరిగి ఉంటే, ఆ పెరుగుదల చాలామందిలో కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. రోజూ ఇంతింత అని తగ్గదు. నాకు నాలుగో రోజు సగానికి తగ్గి, ఆరో రోజు మళ్లీ మొదటికొచ్చింది. ఆ ఆరో రోజే నేను అసలైన తప్పు చేశాను.

గుడి మైకు, ఆపరేటరు

ఊళ్లో గుడి మైకు గుర్తు తెచ్చుకోండి. భజన ఆగిపోయి ఎవరూ పాడటం లేదు. ఆపరేటరుకు ఏమీ వినిపించక, మైకు పని చేయడం లేదేమోనని ఆంప్లిఫయర్ వాల్యూమ్ పెంచుతూ పోతాడు. పాట రాదు గానీ ‘స్స్’ అని హోరు మొదలవుతుంది. మెదడు చేసేదీ ఇదే. చెవి నుంచి రావాల్సిన సంకేతం ఒక శ్రుతి దగ్గర తగ్గిపోయేసరికి, ఆ శ్రుతి కోసం తన వాల్యూమ్ పెంచుతుంది. నాడుల్లో ఎప్పుడూ ఉండే చిన్నపాటి కదలికే అప్పుడు కూతలా వినిపిస్తుంది. టిన్నిటస్ చెవిలో మొదలైనా మోగేది మెదడులోనే అని నిపుణులు అనేది ఇందుకే.

పాత టిన్నిటస్ ఉన్నవాడికి ఈ వాల్యూమ్ ఇదివరకే కొంత పెరిగి ఉంటుంది. దాని మీద కొత్త దెబ్బ పడితే ఇంకాస్త పెరుగుతుంది. చెవిలో వంగిన చేను లేచి సంకేతం తిరిగొచ్చాక మెదడు వాల్యూమ్ దించుకోవాలి. దించుకుంటుంది కూడా, కానీ తీరిగ్గా. చెవి రెండు రోజుల్లో కోలుకుంటే మెదడుకు వారాలు పట్టొచ్చు. దిబ్బడ వదిలాక కూడా మోత ఎందుకు ఆగలేదన్న ప్రశ్నకు సమాధానం ఎక్కువగా ఈ తేడాలోనే ఉంటుంది.

ఇప్పుడు ఆరో రోజు సంగతి. మోత మళ్లీ పెరగగానే చెవులకు పూర్తి విశ్రాంతి ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని వంటింట్లోకి వెళ్లేవాణ్ని. స్టీలు గిన్నెల చప్పుడుకు, మిక్సీకి, పిల్లల అరుపుకు అడ్డం. ఆఫీసులో కూడా అవే. రాత్రి ఫ్యాన్ ఆపేసి, కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ పడుకునేవాణ్ని. వారం తిరిగేసరికి మోత తగ్గలేదు సరికదా, ప్లగ్స్ తీస్తే చెంచా పళ్లెంలో పడ్డా చెవిలో సూది గుచ్చినట్టు ఉండేది.

ఎందుకో తర్వాత అర్థమైంది. 2012లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఏ జబ్బూ లేని 18 మందిని ఒక చెవిలో ఇయర్‌ప్లగ్ పెట్టుకుని ఏడు రోజులు ఉండమన్నారు. వాళ్లలో 14 మందికి లేని శబ్దాలు వినిపించడం మొదలైంది. ప్లగ్స్ తీసేశాక పోయాయి. 2003లో ఇంకో బృందం రెండు వారాల పాటు కొందరికి ఇయర్‌ప్లగ్స్, కొందరికి సన్నగా హోరు వినిపించే చిన్న పరికరాలు పెట్టి చూసింది. ప్లగ్స్ పెట్టుకున్నవాళ్లకు మామూలు శబ్దాలు కూడా పెద్దగా అనిపించసాగాయి, హోరు విన్నవాళ్లకు శబ్దాలను ఓర్చుకునే శక్తి పెరిగింది. ఇంకా వెనక్కి వెళితే, 1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు మంచి వినికిడి ఉన్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి ఏం వినిపిస్తోందని అడిగారు. 94 శాతం మంది ఏదో ఒక మోత వినిపిస్తోందన్నారు. నిశ్శబ్దంలో ఆపరేటరు వాల్యూమ్ పెంచకుండా ఉండలేడు.

అందుకని పెద్ద శబ్దం దగ్గర ప్లగ్స్, మామూలు శబ్దం దగ్గర ప్లగ్స్ లేకుండా, ఏ శబ్దమూ లేనిచోట కాస్త శబ్దం కల్పించుకుని ఉండటం. ఇందులో మూడోదే అందరూ మరిచిపోతారు. రాత్రి ఫ్యాన్ చిన్న స్పీడులో తిరగనివ్వండి. ఫోన్‌లో వాన చప్పుడు పెట్టుకుంటే అది మీ మోత కంటే ఒక మెట్టు కిందే ఉండాలి, రెండూ వినిపించాలి. మోతను ముంచేసేంత వాల్యూమ్ పెడితే ఆ కాసేపు హాయిగా ఉంటుంది గానీ, దాని పక్కన బతకడం మెదడు నేర్చుకోదు. ఫోన్‌ను మంచం పక్కన పెట్టండి, చెవిలో పెట్టుకోకండి. కొందరికి ఫ్యాన్ చప్పుడుకు పోటీగా మోత కూడా లేస్తుంది. అలాంటివాళ్లు వేరే శబ్దం, ఇంకా చిన్న వాల్యూమ్ ప్రయత్నించాలి.

మిక్సీ గురించి ఒక మాట, ఎందుకంటే నాకొచ్చిన గొడవల్లో సగం దానితోనే. అది రొదగానే ఉంటుంది. కానీ చట్నీకి పట్టే రెండు నిమిషాలు పైన చెప్పిన లెక్కలో పెద్ద వాటా కాదు. బాధ కలిగించే శబ్దమల్లా హాని చేసే శబ్దం కాదని ఒప్పుకోవడానికి నాకు నెల పట్టింది.

వీధికుక్క కొత్తవాణ్ని చూసినట్టు

టిన్నిటస్ ఎంత పెద్దగా ఉందో కొలిచే పద్ధతి ఒకటుంది. యంత్రంలో శబ్దం పెంచుతూ పోయి, ఎక్కడ అది మీ మోతతో సమానమైందో చెప్పమంటారు. చాలామందిలో అది వాళ్లకు వినిపించే కనీస స్థాయి కంటే పది డెసిబెల్స్ లోపే పైన ఉంటుంది. ఆకు గలగలంత. నరకం చూస్తున్నామనే వాళ్లదీ, పట్టించుకోనివాళ్లదీ కొలత దాదాపు ఒకలాగే వస్తుంది. ప్రపంచమంతటి అధ్యయనాలను కలిపి 2022లో వేసిన అంచనా ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 14 శాతం మందికి టిన్నిటస్ ఉంది, తీవ్రంగా బాధపడేవాళ్లు 2 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడాను ఒక్క చెవితో వివరించలేం.

పావెల్ జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్త 1990లో దీనికి ఒక నమూనా ఇచ్చాడు. శబ్దాన్ని మెదడులోని వినికిడి భాగం పట్టుకుంటుంది. అక్కడితో ఆగితే ఇబ్బంది లేదు. అది భయానికి సంబంధించిన భాగాన్ని తట్టి లేపినప్పుడే గుండె దడ, నిద్ర పట్టకపోవడం, రోజంతా దాని మీదే ధ్యాస మొదలవుతాయి. వీధికుక్కను చూడండి. రోజూ వచ్చే పాలవాడిని చూసి తలైనా ఎత్తదు. అదే పాలవాడు ఒకరోజు హెల్మెట్ పెట్టుకుని వస్తే వీధంతా లేపుతుంది. నా కీచురాళ్లు పాత పాలవాడు. తొమ్మిదేళ్లలో మెదడు దాన్ని వదిలేసింది. బరాత్ తర్వాత శ్రుతి మారిపోయింది, కుక్క దృష్టిలో కొత్త మనిషి. పాత టిన్నిటస్ వాళ్లు కూడా, ఇంతకాలం బాగానే నెట్టుకొచ్చినవాళ్లు కూడా, మోత మారగానే మొదటి రోజంత బెదిరిపోవడానికి కారణం ఇదే. అలవాటైంది ఆ ఒక్క శబ్దానికే, టిన్నిటస్ అనే పేరుకు కాదు.

కుక్క మొరుగుడు ఎప్పుడు ఆగుతుంది? వచ్చినవాడు రోజూ వచ్చి ఏమీ చేయకుండా పోతుంటే ఆగుతుంది. మనమే రోజుకు నలభై సార్లు తలుపు తీసి ‘వచ్చాడా? ఇంకా ఉన్నాడా?’ అని చూస్తుంటే అది మాత్రం ఎలా ఊరుకుంటుంది? పొద్దున లేవగానే చెవి బిగబట్టి వినడం, బాత్‌రూమ్‌లో తలుపేసుకుని వినడం, దవడ బిగించి చూడటం (దవడ బిగిస్తే చాలామందికి మోత నిజంగానే మారుతుంది, దాన్ని చూసి ఇంకా హడలిపోవడం), డైరీలో పదికి ఎన్నో మార్కులు రాసుకోవడం, అన్నీ నేను చేశాను. డైరీ చించేసిన వారమే కాస్త నిద్ర పట్టింది. రెండింటికీ సంబంధం ఉందని నేను నిరూపించలేను, నమ్ముతాను.

అద్దాల గదిలో

ఇరవయ్యో రోజు వినికిడి పరీక్షకు వెళ్లాను. పీటీఏ అంటారు. టెలిఫోన్ బూత్ లాంటి చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, చేతిలో ఒక బటన్ ఇస్తారు. శబ్దం వినపడగానే నొక్కాలి. కుడి చెవికి హాయిగా నొక్కుతూ పోయాను. ఎడమ చెవికి 4,000 హెర్ట్జ్ శ్రుతి దాటాక యంత్రం కూస్తోందో, నా చెవే కూస్తోందో తెలియక వేలు గాల్లో ఉండిపోయింది. ఆడియాలజిస్ట్ అమ్మాయి గమనించి, ఆగకుండా వచ్చే కూతకు బదులు టిక్ టిక్‌మని ఆగి ఆగి వచ్చేది పెట్టింది. అప్పుడు తేడా పట్టగలిగాను. మీకు టిన్నిటస్ ఉందని పరీక్షకు ముందే చెప్పండి, ఈ సదుపాయం అడగండి.

కాగితం మీద కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమకు నీలి ఇంటూ గుర్తులు. ఎడమ గీత 4,000 దగ్గర గుంటలా దిగి 8,000 దగ్గర మళ్లీ లేచింది. శబ్దం వల్ల దెబ్బతిన్న చెవి వేలిముద్ర లాంటిది ఆ గుంట. నా అదృష్టం, నాలుగేళ్ల కిందటి రిపోర్ట్ దాచుకున్నాను. పక్కపక్కన పెడితే గుంట 5 డెసిబెల్స్ లోతు పెరిగింది. ‘ఇది లెక్కలోకి రాదండీ’ అంది ఆ అమ్మాయి. పరీక్షలో ఒక్కో మెట్టే 5 డెసిబెల్స్, రేపు మళ్లీ చేసినా అంత తేడా రావచ్చు. 10 లేదా అంతకంటే ఎక్కువ తేడా వచ్చి, మళ్లీ చేసినా అలాగే ఉంటే అప్పుడు కొత్త నష్టం అనుకోవాలి. ఆ బోస్టన్ ఎలుకల సంగతి తెలిసిన నేను దాంతో పూర్తిగా నిమ్మళించలేదు. కానీ తొమ్మిదేళ్లదీ పోయిందని రాత్రింబవళ్లు ఏడ్చినంత నష్టం కాగితం మీద లేదు. పాత రిపోర్ట్ లేకపోతే ఈ మాట తెలిసేది కాదు. ఒకసారైనా, అంతా బాగున్న రోజుల్లో, ముందురోజు పెద్ద చప్పుళ్లకు దూరంగా ఉండి పరీక్ష చేయించుకుని ఆ కాగితం దాచుకోండి.

డాక్టర్ ఎమ్ఆర్ఐ రాస్తే ఒక జాగ్రత్త. ఆ యంత్రం కూడా ఘోరంగా మోగుతుంది. ప్లగ్స్, వాటి మీద హెడ్‌ఫోన్ రెండూ ఇవ్వమని ముందే అడగాలి. అడిగితే ఇస్తారు.

మందుల చీటీ

మన దగ్గర టిన్నిటస్ అనగానే బీటాహిస్టిన్, గింకో బిలోబా, బీ12 కలిపి ఒక చీటీ రావడం మామూలు. బీటాహిస్టిన్ మీద, గింకో మీద ఉన్న పరిశోధనలన్నీ కాక్రేన్ సంస్థ కూడదీసి చూసింది. టిన్నిటస్ తగ్గడంలో మందే లేని ఉత్త చక్కెర గోళీకీ వాటికీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు గింకో, జింక్, మెలటోనిన్ లాంటివి ఇవ్వొద్దనే చెప్పాయి. బీ12 నిజంగా తక్కువుంటే వేసుకోవాలి, అది వేరే విషయం. నిద్రకోసం అల్ప్రాజోలం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవాళ్లను చూశాను. రెండు వారాలు బ్రహ్మాండంగా ఉంటుంది, ఆపబోతే నిద్రా పోతుంది, మోతా లేస్తుంది. డాక్టర్ చెప్పకుండా ముట్టుకోవద్దు, మొదలుపెట్టి ఉంటే ఒక్కసారిగా మానొద్దు.

గట్టి ఆధారం ఉన్నది ఎవరికీ పెద్దగా నచ్చని వైద్యానికి: కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే మన ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల వైద్యం. అది మోతను తగ్గించదు, మోతతో మన తగువు తగ్గిస్తుంది. ‘అంటే నాది మానసికమంటారా?’ అని మనకు పౌరుషం. కాలు విరిగినవాడికి నడక నేర్పిస్తే కాలు విరగలేదన్నట్టు కాదు కదా. టిన్నిటస్ కోసమే ఈ థెరపీ చేసేవాళ్లు మన ఊళ్లలో అరుదు. నిద్రలేమికి, ఆందోళనకు చేసే క్లినికల్ సైకాలజిస్ట్ దొరికినా సరిపోతుంది, పద్ధతి చాలావరకు అదే. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో టిన్నిటస్‌ను ప్రత్యేకంగా చూస్తారు. వినికిడి కూడా తగ్గి ఉంటే వినికిడి యంత్రం చాలామందికి మోతను కూడా వెనక్కి నెడుతుంది. ఆపరేటరుకు పాట వినిపిస్తే వాల్యూమ్ దించుతాడు, అంతే. మోత భరించలేక చచ్చిపోవాలనిపించే రాత్రులు కొందరికి వస్తాయి. అలాంటి రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో ఒకరిని లేపండి.

మళ్లీ మోత దగ్గరికి

మూడో నెలకు నా కుక్కర్ విజిల్ పోలేదు గానీ పక్క వీధిలోకి వెళ్లింది. రోజులో ఎక్కువ భాగం గుర్తుండదు. మొదటిసారి ఇక్కడికి రావడానికి ఏడాదికి పైగా పట్టింది. అయితే ఇక జన్మలో పెళ్లికి పోనని కూర్చోవడం కూడా నాకు సరైనదిగా అనిపించలేదు. అది ప్లగ్స్ పెట్టుకుని వంటింట్లో తిరగడం లాంటిదే, కాస్త పెద్ద ఎత్తున.

దూరం అన్నిటికంటే చవకైన మందు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. డీజే బాక్సులకు రెండు మీటర్ల దూరం నుంచి ఎనిమిది మీటర్లకు జరిగితే 12 తగ్గినట్టు. పైన చెప్పిన లెక్కలో అది పదహారు రెట్లు ఎక్కువ సమయం. రెండు పక్కలా మేడలున్న ఇరుకు సందులో అంత తగ్గదు, గోడలు తిప్పికొడతాయి. మన బరాత్‌లు సాగేది ఆ సందుల్లోనే. చట్టం మాట కూడా చెప్పాలి: 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మామూలుగా నిషేధం. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే వద్దన్నారు. పెళ్లివాళ్లను ఆపేదెవరో మరి.

ప్లగ్స్ విషయానికొస్తే, దూది దాదాపు దండగ. మెడికల్ షాపులో దొరికే ఫోమ్‌వి చాలు, పెట్టుకోవడం వస్తేనే. వేళ్ల మధ్య అగ్గిపుల్లంత సన్నగా చుట్టాలి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. సరిగ్గా కూర్చుంటే మీ గొంతు మీకే కుండలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

మొన్న వేసవిలో బావ తమ్ముడి కూతురి పెళ్లి. ఈసారి ఊరేగింపు మొదలు కాకముందే, కారులోనే పెట్టేసుకుని దిగాను. బండికి బాగా వెనక, ఆడవాళ్లు నడిచే చోట నడిచాను. బావ వెతుక్కుంటూ వచ్చాడు. చెవుల వంక చూసి, ‘ఏందవి?’ అన్నాడు. చెప్పాను. కాసేపు ఏమీ అనకుండా నిలబడి, ‘నాకు గూడ రాత్రుల్లు గుయ్యిమంటది’ అని చెయ్యి చాపాడు. ఒక జత ఇచ్చాను. ఎలా పెట్టుకోవాలో చెప్పేలోపే చుట్టకుండా అలాగే కుక్కుకుని జనంలోకి వెళ్లిపోయాడు. పది అడుగులు వేయకముందే ఒకటి రాలి రోడ్డు మీద పడింది.